ఎక్కడ నొక్కినా శభాష్

ఇప్పటికీ నేను స్లైడ్ల ఫైలు కొత్తది తెరిచానంటే మొట్టమొదట చేసే పని ఒకటే. పై వరసలో ఓ మూలకి వెళ్ళి, మౌసు నొక్కగానే తర్వాతి స్లైడుకి వెళ్ళమనే చిన్న గడిలో టిక్కు తీసేసి, అన్ని స్లైడ్లకీ అదే వర్తింపజేస్తాను. ఆఫీసులో నా పక్క సీటావిడ చూసి నవ్వుతుంది. "ఇంకా ఒక్క ముక్క రాయలేదు, అప్పుడే తాళం వేసేస్తున్నారేంటండీ?" అంటుంది. అలవాటండీ అంటాను. పదిహేడేళ్ళప్పుడు ఒక వేసవిలో పట్టుకున్న అలవాటు. దాని వెనక మా అమ్మా, మా నాన్నమ్మా ఉన్నారని చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఆఫీసులో అంత తీరిక ఎవరికుంది?

ఆ వేసవి నాటికి అమ్మా నాన్నమ్మా మాట్లాడుకోవడం మానేసి రెండేళ్ళయింది. పోట్లాట అనడానికి లేదు. పోట్లాడుకోవాలన్నా మాట్లాడుకోవాలి కదా. ఇంట్లో రాకపోకలన్నీ నా మీదుగా జరిగేవి.

"మీ అమ్మనడుగు, కుళాయి కట్టేసిందా లేదా అని," అనేది నాన్నమ్మ. అమ్మ అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉండేది.

"కట్టేశానని చెప్పు," అనేది అమ్మ.

"కట్టేసిందట నాన్నమ్మా."

"ఊఁ."

నేను నోరు తెరిచేదాకా ఆ మాట నాన్నమ్మ చెవిన పడనట్టే లెక్క. నేను ఇంట్లో లేని పూట కుళాయి రాత్రిదాకా కారినా కారేది.

అసలు సంగతి ఒక రేడియో. తాతయ్యది. ఆయన పోయాక నాన్నమ్మ దాన్ని ఒక తువ్వాల్లో చుట్టి మంచం కింద పెట్టుకుంది. అది పలకడం మానేసి అప్పటికే ఎనిమిదేళ్ళు. ఒకసారి ఇల్లు సర్దుతూ అమ్మ దాన్ని పాత సామాన్లవాడికిచ్చేసింది. సాయంత్రం నాన్నమ్మ మంచం కింద చెయ్యి పెట్టి వెతుక్కుంది. అమ్మ "అది పని చెయ్యదుగా అత్తయ్యా," అంది. నాన్నమ్మ "నేనూ పని చెయ్యనుగా," అంది. వాళ్ళిద్దరూ నేరుగా అనుకున్న ఆఖరి మాటలు అవే. ఆ తర్వాత నాన్నమ్మకి కంటి చూపు తగ్గితే, అమ్మే నన్ను తోడిచ్చి డాక్టరు దగ్గరికి పంపి కళ్ళజోడు చేయించింది. నాన్నమ్మ దాన్ని ఒక్కనాడూ పెట్టుకోలేదు. పెట్టెతో సహా అలమర మీద పెట్టింది. పెట్టుకుంటే ఓడిపోయినట్టని ఆవిడ లెక్క.

నాన్న ఎటూ మాట్లాడేవాడు కాదు. ఆయన డ్రైవింగ్ నేర్పేవాడు. నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చుని, తనవైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని రోజంతా తిరగడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అంతే. బండి మరీ గోడమీదికి పోతుందనుకుంటే తప్ప కాలు కదపడు.

ఆ వేసవి సెలవులు మొదలైన రోజు అమ్మ బడినించి ఒక కాగితం పట్టుకొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా అమ్మ రెండో తరగతికి చెప్పేది. పెద్దమేడం కొత్తగా వచ్చారు. గదిగదికీ వేలితో తాకితే పనిచేసే తెరలు పెట్టించారు. బడి తెరిచేనాటికి ప్రతి టీచరూ ఆ తెర మీద పిల్లలతో ఆడించే పాఠం ఒకటి సొంతంగా తయారుచేసి చూపించాలి. చూపించలేనివాళ్ళ తరగతి కొత్తవాళ్ళకిస్తారు. వాళ్ళకి ఆఫీసులో హాజరు పట్టీల పని ఇస్తారు.

అమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడిచింది.

"ఏముందమ్మా, నేను చేసిపెట్టేస్తాగా," అన్నాను. నా పరీక్షలయిపోయాయి. ఫలితాలకి రెండు నెలలుంది. ప్రపంచంలో నాకు రానిది లేదని గట్టిగా నమ్మిన రోజులవి.

"సొంతంగా అన్నారు," అంది అమ్మ. "ఎదురుగా నిలబెట్టి ఇదెలా చేశారని అడిగితే ఏం చెప్పను? మా అమ్మాయి చేసిందని చెప్పనా?" కాగితం మళ్ళీ మడుస్తూ, "రెండో తరగతి లేకపోతే నేనేం చేస్తానే ఆ బడిలో," అంది. ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు. నాకు భయం వేసింది.

మామయ్య తన పాత కంప్యూటరు మాకిచ్చాడు. దాని ప్లగ్గు పట్టే చోటు ముందుగదిలో ఒక్కటే ఉంది, అదీ నాన్నమ్మ మంచం పక్కనే. అలా ఆ వేసవంతా అమ్మ నాన్నమ్మకి వీపు పెట్టి కూర్చుని పని నేర్చుకుంది.

నేర్చుకుంది అన్నంత తేలిగ్గా కాదు. నా తలప్రాణం తోకకొచ్చింది. మౌసు అమ్మ చేతిలో నిలిచేది కాదు. బల్ల అంచు దాకా తోసి, ఇంక చోటు లేదని బల్లనే జరపబోయింది ఒకసారి. ఒక డబ్బా గీసి, దాని మీద "బాతు" అని రాసి, దాన్ని నొక్కితే ఫలానా స్లైడుకి వెళ్ళాలని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. నేను విసుక్కునేదాన్ని. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, ముందు డబ్బాని పట్టుకో, తర్వాత లింకు ఇవ్వు. నువ్వు అక్షరాల్ని పట్టుకుంటున్నావు!"

అమ్మ చెయ్యి ఆపి నా వంక చూసింది. "నా క్లాసులో ఒక పిల్లాడికి ఐదూ మూడూ ఎనిమిదని నాలుగు నెలలు చెప్పాను. ఒక్కరోజు గొంతు పెంచలేదు. నీకు మూడు రోజులకే కోపం వస్తే టీచరుగా పనికిరావు," అంది. వెనక మంచం మీంచి చిన్న దగ్గు వినబడింది. అది నవ్వుని కప్పిపుచ్చుకోడానికి దగ్గిన దగ్గని ఇప్పుడనిపిస్తుంది.

నాలుగో రోజు అమ్మ కంప్యూటరు కట్టేసి అట్టముక్కలు తెచ్చింది. అట్టలు కత్తిరించి బొమ్మలు చెయ్యడంలో బళ్ళో అమ్మని మించినవాళ్ళు లేరు. ఒక్కో స్లైడుకి ఒక్కో అట్ట. ఇరవై ప్రశ్నలకి ఇరవై, ప్రతి ప్రశ్న పక్కనా ఒక శభాష్ అట్ట. జవాబు తప్పితే వెళ్ళడానికి ఒకే ఒక్క అట్ట, దాన్ని దూరంగా గుమ్మం దగ్గర పెట్టింది. గచ్చంతా పరిచి ఊలు దారాలు తీసింది. సరైన జవాబునించి శభాష్‌కి ఆకుపచ్చ ఊలు. తప్పు జవాబులనించి గుమ్మం దగ్గరి అట్టకి ఎర్ర ఊలు. శభాష్ నించి తర్వాతి ప్రశ్నకి పసుపు ఊలు. గది సాలెగూడయిపోయింది. నాన్నమ్మ మంచం దిగి, రెండు చేతులతో చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఒక్క దారమూ తొక్కకుండా గది దాటడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

"ఇదీ ఆట," అంది అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇప్పుడు పద, ఒక్కో దారం కంప్యూటర్లో వేద్దాం. ఇక్కడ దారం ఉంటే అక్కడ బటను. ఇక్కడ దారం లేకపోతే అక్కడ దారి లేదు."

ఆ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. వారం తిరిగేసరికి అమ్మ నన్నడక్కుండానే బటన్లు వేసేసింది, మూలలు గుండ్రంగా చేసింది, నొక్కితే రంగు మారేలా పెట్టింది. "దారం లేకపోతే దారి లేదు" అన్నమాట ఒక్కటి మాత్రం తప్పు. అది మా ఇద్దరికీ తెలీదు.

తప్పు జవాబు స్లైడు మీద నేను ఎర్రగా పెద్ద ఇంటూ మార్కు పెట్టాను. అమ్మ చెరిపేసింది.

"తప్పంటే పిల్లాడు అక్కడే ఆగిపోతాడే."

"తప్పుని తప్పనక ఏమంటారు?"

"ఫరవాలేదు, ఇంకోసారి చూద్దామా, అంటారు. అలా అంటే మనం వెళ్ళి వాడి పక్కన కూర్చున్నట్టుంటుంది."

ఆ మాటలు బొమ్మలతో పాటు వినబడాలని అమ్మ పట్టుబట్టింది. రెండో తరగతి పిల్లలు సగం మంది చదవడానికి తడుముకుంటారు, చెవిన పడితే ధైర్యంగా ఉంటుందంది. మైకు తెచ్చాం. ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం, ఫ్రిజ్ తీగ పీకాం. చెమటలు కారిపోతున్నాయి. అమ్మ గొంతు సవరించుకుని తన తరగతి గొంతు తీసింది. ఆ గొంతు ఇంట్లో ఎవరికీ దక్కేది కాదు.

"శభాష్ రా బంగారం! భలే చెప్పావు!"

సరిగ్గా "భలే" దగ్గర నాన్నమ్మ దగ్గింది.

"మీ నాన్నమ్మని రెండు నిమిషాలు ఓర్చుకోమను."

"నాన్నమ్మా, రెండు నిమిషాలు ఓర్చుకోమంటోంది."

"దగ్గు నాకేమైనా సరదానా అని అడుగు."

"దగ్గు సరదా కాదంటోందమ్మా."

తొమ్మిదిసార్లు తీశాం. తొమ్మిదోసారి వచ్చిందాన్లోనూ వెనక సన్నగా దగ్గుంది. అప్పటికే అందరం ఉడికిపోయాం. "పోన్లే, ఉండనీ," అంది అమ్మ. "నిజం క్లాసులో మాత్రం ఎవరూ దగ్గరా ఏంటి?"

ఆట పూర్తయింది. నేనూ అమ్మా ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు. సరైన బటను నొక్కాం, శభాష్ వచ్చింది. తప్పు బటన్లు ఒక్కోటీ నొక్కాం, "ఇంకోసారి చూద్దామా" వచ్చింది. బడి తెరవడానికి ఇంకా మూడు వారాలుంది. అమ్మ మొహంలో వెలుగొచ్చింది. సెలవుల్లో మిగిలిన టీచర్లకి కూడా సాయం చెయ్యడానికి మధ్యాహ్నాలు బడికి వెళ్ళొచ్చేది. నిన్నటిదాకా మౌసుతో బల్ల జరపబోయిన మనిషి!

అమ్మ వెళ్ళిన మధ్యాహ్నాలు నేను లోపలి గదిలో నవల పట్టుకుని పడుకునేదాన్ని. మూడో రోజో నాలుగో రోజో, కళ్ళు మూతలు పడుతుండగా ముందుగదిలోంచి అమ్మ గొంతు వినబడింది.

"శభాష్ రా బంగారం! భలే చెప్పావు!"

అమ్మ అప్పుడే వచ్చేసిందేంటనుకున్నాను. మళ్ళీ శభాష్. మళ్ళీ. లేచి తలుపు సందులోంచి చూస్తే, అమ్మ కట్టెయ్యకుండా వదిలేసిన కంప్యూటరు ముందు నాన్నమ్మ! మౌసుని దోసిట్లో పిట్టపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వేళ్ళు వణుకుతున్నాయి. తెర మీద బాణం కూడా ఊగుతోంది. నొక్కింది. "శభాష్ రా బంగారం!" నాన్నమ్మ తల కొంచెం పక్కకి వంచి ఆ మాట పూర్తిగా విని, అప్పుడు తర్వాతిదానికి వెళ్ళింది.

అత్తగారిని నువ్వనీ, ఒరే బంగారమనీ పిలిచే కోడలు మా వీధి మొత్తానికి మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది, అదీ తనకి తెలియకుండా. నాకు నవ్వాగలేదు. నోరు నొక్కుకుని లెక్కపెట్టాను. ఇరవైకి ఇరవై. ఒక్కసారి కూడా "ఇంకోసారి చూద్దామా" రాలేదు. నాన్నమ్మ చిన్నప్పుడు ఐదో తరగతి దాకా చదివిందని తెలుసు గానీ ఇంత చురుకని తెలీదు. కళ్ళజోడు పెట్టె అలమర మీదే ఉంది. అది చూశాను కూడా. చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు. నవ్వుతూ ఉన్నప్పుడు మనిషికి అనుమానాలు రావు.

అప్పట్నించీ రోజూ రెండింటికి ఆట. నేను నిద్రపోతున్నట్టు నటించేదాన్ని, నాన్నమ్మ నమ్మినట్టు నటించేది. అమ్మతో చెప్పకుండా ఉండలేకపోయాను.

"నాన్నమ్మ ఇరవైకి ఇరవై కొడుతోందమ్మా, రోజూ."

అమ్మ బట్టలు మడతపెడుతూ ఆగింది. "నా గొంతు వింటూనా?"

"తల వంచుకుని మరీ వింటోంది."

అమ్మ మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. మర్నాటినించి మధ్యాహ్నం బడికి బయల్దేరేముందు కంప్యూటరు పెట్టి, ఆట తెరిచి, మొదటి ప్రశ్న దగ్గర ఉంచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఆ మూడు వారాలూ మా ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య నడిచిన సంభాషణ అంతా అదే.

ఆట చూపించాల్సిన రోజు వచ్చింది. పొద్దున ఏడున్నరకి నేను తలంటుకుంటున్నాను. అమ్మ తయారై, పెన్‌డ్రైవు చేతిసంచీలో వేసుకుని చెప్పులు తొడుక్కుంటోందని చప్పుడుని బట్టి తెలుస్తోంది.

"ఏమే," అని నాన్నమ్మ నన్ను పిలిచింది. "ఒక్కసారి ఇలా రా."

"స్నానం నాన్నమ్మా!"

"అర్జెంటే. మీ అమ్మతో ఒక మాట చెప్పాలి."

"తల నిండా సబ్బుంది, ఆగు!"

వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది. నీళ్ళు ఆపి విన్నాను. నాన్నమ్మ గొంతు, గట్టిగా, బొంగురుగా.

"అమ్మాయ్. ఆగు."

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఆ ఆటలో ఎక్కడ నొక్కినా శభాషే అంటోంది. బటను మీద నొక్కక్కర్లేదు. బొమ్మ మీద నొక్కినా అంతే, వట్టి చోట నొక్కినా అంతే. బడిలో పెద్దమేడం ఊరుకుంటుందా?"

"ఎక్కడ అత్తయ్యా?" అంది అమ్మ.

నేను తలకి తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో సబ్బుతో పరిగెత్తుకొచ్చేసరికి అమ్మ చెప్పులతోనే కంప్యూటరు ముందు కూర్చుంది. నాన్నమ్మ పక్కన నిలబడి తెర మీద వేలు పెట్టి చూపిస్తోంది. "ఇక్కడ. ఇదిగో ఈ మూల. ఇక్కడ బాతు ముక్కు మీద." అమ్మ బాతు ముక్కు మీద నొక్కింది.

"శభాష్ రా బంగారం! భలే చెప్పావు!"

ముగ్గురం తెర వంక చూస్తూ ఉండిపోయాం. నాన్న పళ్ళు తోముకుంటూ వచ్చి, నోట్లో బ్రష్షుతో గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన చూస్తున్నది తెర వంక కాదు.

అప్పుడర్థమైంది నాకు. గచ్చు మీద అట్టల మధ్య దారం లేకపోతే దారి లేదు. కంప్యూటర్లో అలా కాదు. మనం ఏ దారమూ వెయ్యకపోయినా, ఎక్కడ నొక్కినా పక్క స్లైడుకి పోయే దారొకటి అది ముందే వేసుకుని ఉంటుంది. మా ఆటలో ప్రతి ప్రశ్న పక్కనా ఉన్నది శభాషే. తయారుచేసినవాళ్ళం కాబట్టి మేమిద్దరం బటన్ల మీదే నొక్కాం. బాతు ముక్కు మీద నొక్కాలని మాకెందుకు తోస్తుంది?

"లే అమ్మా, నేను తీసేస్తా," అన్నాను.

"నువ్వు చెప్పు. నేనే తీస్తాను," అంది అమ్మ. బస్సు ఎనిమిదింటికి. అమ్మ ఒక్కో వరసా తెరుస్తోంది, మూస్తోంది. అది కాదు, ఇది కాదు. అదెక్కడుందో నాకూ చప్పున గుర్తు రాలేదు. నాన్నమ్మ మంచం అంచున కూర్చుని, "తొందరపడకు, ఉంటుంది ఎక్కడో," అంది, ఎవరికీ కాదన్నట్టుగా. ఆఖరికి ఆ చిన్న గడి అమ్మకే కనబడింది. టిక్కు తీసేసింది. అన్నిటికీ వర్తింపజేసింది. బాతు ముక్కు మీద నొక్కింది. తెర కదల్లేదు. మూల మీద, ఆకాశం మీద, మళ్ళీ ముక్కు మీద. కదల్లేదు. బటను నొక్కితేనే శభాష్.

బస్సు వెళ్ళిపోయింది. నాన్న నోరు కడుక్కొచ్చి, "పద, నేను దింపుతా," అన్నాడు. ఆ పూట నేర్చుకునే మనిషి అప్పటికే వచ్చి వాకిట్లో నాన్న బండి దగ్గర ఉన్నాడు. నాలుగో రోజు నేర్చుకుంటున్న ఒక పళ్ళ డాక్టరు. అమ్మని బడికి చేర్చింది ఆయనే. దారి పొడుగునా నాన్న రెండో బ్రేకు మీద నించున్నంత పని చేశాడట.

బళ్ళో సంగతి సాయంత్రం అమ్మ చెప్పింది. పెద్దమేడం ఆరుగురు పిల్లల్ని పిలిపించి తెర ముందు వదిలారట. పెద్దవాళ్ళెవరూ చెయ్యని పనులు పిల్లలు చేస్తారు. ఒక పిల్ల బాతుని గిల్లింది, ఒకడు మబ్బుని పొడిచాడు, ఇంకొకడు తెరంతా అరచేత్తో రాశాడు. అమ్మకన్నా ముందు చూపించినవాళ్ళ ఆటలు అలాగే పేజీలు పేజీలుగా పారిపోయాయట. అమ్మది పారిపోలేదు. జవాబు చెప్పేదాకా కదలకుండా కూర్చుంది.

"పిల్లలు బొమ్మల్ని పొడుస్తారని మీకెలా తెలుసు?" అని పెద్దమేడం అడిగారు.

"మా ఇంట్లో పెద్దావిడ మూడు వారాలు పరీక్ష చేశారండీ," అంది అమ్మ.

రెండో తరగతి అమ్మకే ఉంది.

అది చెప్పేటప్పుడు అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాన్నమ్మ మంచం మీద. ఇద్దరి మధ్యా నేను. అమ్మ నోరు తెరిచింది, ఆగింది, నా వైపు తిరిగింది. "మీ నాన్నమ్మతో చెప్పు, నా క్లాసు నాకే ఉందని."

రెండేళ్ళ అలవాటు ఒక్క పొద్దుటితో పోతుందా? "క్లాసు అమ్మకే ఉందట నాన్నమ్మా," అన్నాను.

"విన్నాన్లే," అంది నాన్నమ్మ, గోడవైపు తిరిగి పడుకుంటూ.

నాలుగు రోజులు అంతే. ఐదో రోజు ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి నేను లోపలి గదిలో ఉన్నాను. అమ్మ వంటింట్లో డబ్బాలు కడుగుతోంది. ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత మౌసు చప్పుడు. ఏ గొంతూ వినబడలేదు. మళ్ళీ మౌసు. మళ్ళీ.

తలుపు సందులోంచి చూశాను. నాన్నమ్మ బాతు ముక్కు మీద నొక్కింది. కింది మూల నొక్కింది. మబ్బు మీద నొక్కింది. తెర కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. ఎక్కడ నొక్కినా అమ్మ తనని బంగారమంటుందని నాన్నమ్మకి మొదటిరోజునించీ తెలుసు. చెప్తే ఇంక అనదనీ తెలుసు. అందుకే మూడు వారాలు చెప్పలేదు. తెలిసే, ఆ పొద్దున చెప్పేసింది. పరీక్షల్లో అన్నీ రాసి ఫలితాల కోసం చూస్తున్న నాకు ఆ ఒక్క సంగతి అప్పటిదాకా తట్టలేదు. సిగ్గేసింది.

నాన్నమ్మ లేచింది. మానేసి పడుకుంటుందనుకున్నాను. అలమర దాకా వెళ్ళి, చెయ్యి పైకి చాచి, కళ్ళజోడు పెట్టె తీసింది. కొంగు కొనతో అద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. తిరిగొచ్చి తెర దగ్గరగా వంగి, పెదాలు కదుపుతూ చదివింది. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒక బటను నొక్కింది.

"ఫరవాలేదు, ఇంకోసారి చూద్దామా?" అంది కంప్యూటరు.

నాన్నమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. ఎలా వింటుంది, మూడు వారాల్లో ఆవిడ ఒక్కసారీ తప్పుకి దొరకలేదు కదా! వెనక్కి వెళ్ళి ఇంకొకటి నొక్కింది. అదీ కాదు. "ఫరవాలేదు, ఇంకోసారి చూద్దామా?"

వంటింట్లో డబ్బాల చప్పుడు ఆగింది.

అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాన్నమ్మ వెనక రెండడుగుల దూరంలో నిలబడింది. నేను కనబడతానేమోనని తలుపు వెనక్కి జరిగాను. అమ్మ నాకోసం వెతుకుతుందని తెలుసు. వెతికింది కూడా, ఒకసారి గదంతా చూసింది. పిలిచినా పలకకూడదనుకున్నాను.

పిలవలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని నాన్నమ్మ పక్కన కూర్చుంది.

"ఫరవాలేదు అత్తయ్యా," అంది. "ఇంకోసారి చూద్దామా?"

నాన్నమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. కుర్చీ కొంచెం పక్కకి జరిపి, మౌసుని ఇద్దరికీ మధ్య పెట్టింది.

"ఆ రేడియో పలికి అప్పటికే ఎనిమిదేళ్ళయిందిలే," అంది.

"అయినా మిమ్మల్ని అడగాల్సింది."

"అడగాల్సింది," అంది నాన్నమ్మ. "సరే, ఇదేమిటి రాశావు ఇక్కడ? అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయడానికేం పోయింది?"

అమ్మ వేలు పెట్టి చదివింది. నాన్నమ్మ మూడో బటను నొక్కింది.

"శభాష్ రా బంగారం! భలే చెప్పావు!" అంది కంప్యూటరు, వెనకాల సన్నటి దగ్గుతో సహా.

"అత్తగారిని పట్టుకుని బంగారమేమిటే?" అంది నాన్నమ్మ.

అమ్మ నవ్వింది. నేను తలుపు వెనక ఇంకాసేపు కూర్చున్నాను. ఆ సాయంత్రం కుళాయి కట్టేశావా అని నాన్నమ్మ అడిగింది. నన్ను కాదు.